ఇస్త్రీ మాస్టరు చెరిపిన జాబితా

బాయిలరు వేడెక్కడానికి నలభై నిమిషాలు పడుతుంది. ఆ నలభై నిమిషాలూ డ్రై క్లీనింగ్ షాపులో ఇస్త్రీ మాస్టరు ఒక్కడే ఉంటాడు. సోమవారం పొద్దున్న అతను మీట నొక్కి, గేజీలో ముల్లు కదిలేదాకా చూసి, చేతిసంచీ తీసుకుని వెనక గదిలోకి వెళ్ళాడు. షాపుకి వచ్చే బట్టల్లో చాలావాటికి నీళ్ళు తగలకూడదు. వాటిని ఉతికే ద్రావకాన్ని అక్కడ అందరూ మందు అంటారు. నీళ్ళ మెషిను మాత్రం వెనక గదిలో ఒకటే ఉంది, ఏప్రన్లకీ తెరలకీ. మాస్టరు సంచీలోంచి సొంత దుప్పటి తీశాడు. ఎవరూ లేరని తెలిసి కూడా తలుపు వైపు చూశాడు. దుప్పటిని డ్రమ్ములో కుక్కి, వేడి ఎంత పెడితే వాసన అంత పోతుందన్న నమ్మకంతో వేడి పెంచే నాబును చివరిదాకా తిప్పాడు.

యాభై ఏళ్ళ మనిషి నిద్రలో పక్క తడుపుతున్నాడు. దీన్ని మర్యాదగా చెప్పే మాట ఏదైనా ఉన్నా మాస్టరుకి తెలియదు. మొదటిసారి జరిగినప్పుడు మంచినీళ్ళ సీసా ఒలికిందని భార్యతో అబద్ధం చెప్పాడు. రెండోసారి చెప్పడానికి దగ్గర్లో సీసా లేదు. అప్పట్నుంచి నడుం నొప్పి అని వంక పెట్టి ముందుగదిలో చాప మీద పడుకుంటున్నాడు. "నడుం నొప్పికి నేల మంచిదని ఏ డాక్టరు చెప్పాడు?" అని ఆవిడ అడిగితే, "డాక్టరెందుకు, నా నడుం సంగతి నాకు తెలీదా?" అన్నాడు. ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు.

ఎనిమిదిన్నరకి మరకలక్క వచ్చేసరికి దుప్పటి ఆరి, మడతపడి, సంచీలోకి చేరిపోయింది. మరకలక్క అన్నది షాపు పెట్టిన పేరు. ఇంకు, నూనె, రక్తం, తుప్పు, మరక ఏదైనా సరే వేలిగోరుతో గీకి, ముక్కు దగ్గర పెట్టుకుని ఫలానా అని చెప్పేస్తుంది. మాస్టరుకంటే నాలుగేళ్ళు పెద్దది. రెండు నెలల క్రితం దాకా ఎనిమిదింటికే వచ్చేది.

"ఏంటక్కా, ఈమధ్య నీకు లేటుగా తెల్లవారుతోంది?" అన్నాడు మాస్టరు. దాచుకున్నవాడికి హుషారెక్కువ.

"మోకాళ్ళు తమ్ముడూ. నేను లేచినా అవి లేవట్లేదు," అంటూ ఆవిడ ఏప్రను కట్టుకుంది.

ఇలాంటి సంగతి మనిషిని అడగలేడు కాబట్టి మాస్టరు కంప్యూటర్ని అడిగాడు. ఇంట్లో ఉన్న ఒక్క మంచి ఫోనూ కూతురి చేతిలో ఉంటుంది. షాపు కౌంటరు మీది కంప్యూటరు పొద్దున్నపూట ఖాళీగా ఉంటుంది. రెండు వేళ్ళతో ఒక్కో అక్షరం ఏరుకుంటూ అడిగేవాడు, వచ్చింది చదివేవాడు, మూసేసేవాడు. మూసేస్తే సంగతి అక్కడితో సరి అనుకున్నాడు.

ఆ మధ్యాహ్నం ఇస్త్రీ అయిన కోట్లు చేతి మీద వేసుకుని అతను ముందుకి వచ్చేసరికి ఓనరు మేనకోడలు కంప్యూటరు ముందు కూర్చుని ఉంది. ముప్ఫై దాటిన మనిషి, కౌంటరు పెత్తనమంతా ఆవిడదే. కోట్లకి తొడిగే పెద్ద కవర్లు అయిపోయాయి, వాటి కోసం వెతకబోయింది. 'పెద్ద' దాకా ఆవిడ కొట్టింది. మిగతాది కంప్యూటరే పూర్తి చేసింది: పెద్దవాళ్ళు నిద్రలో పక్క తడపడం ఎందుకు.

"ఛీ, ఇదేంటి!" అని ఆవిడ పకపకా నవ్వింది. "మామయ్యా, ఇది నువ్వేనా?" అని లోపలికి కేకేసింది. ఓనరు ఫోన్లో ఉండి వినిపించుకోలేదు. "చూశారా బాబాయ్, మనలోనే ఎవరో ఉన్నారు!"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు మాస్టరు చేతి మీది కోట్లు తడుముకున్నాడు. "ఎవరో కస్టమరు అయ్యుంటాడమ్మా."

"కస్టమర్లు కౌంటరు ఇవతలికి ఎప్పుడొచ్చారు?"

ఇంతలో ఎవరో రసీదు పట్టుకుని వచ్చారు. ఆవిడ కవర్ల సంగతి రేపు చూద్దామని లేచింది. మాస్టరు కోట్లు కమ్మీకి తగిలిస్తుంటే ఒక హ్యాంగరు రెండుసార్లు జారి కింద పడింది.

సాయంత్రం ఇంట్లో కూతురి పక్కన కూర్చుని, గోడ వైపు చూస్తూ అడిగాడు. "కంప్యూటర్లో మనం చూసినవి అందులో ఉండిపోతాయా అమ్మా?"

"ఉండిపోతాయి నాన్నా. హిస్టరీ అంటారు."

"చెరపడం కుదరదా?"

కూతురు ఫోన్లోంచి తలెత్తింది. "ఏం చూశావేంటి?"

"నాకెందుకు? మా ఓనరు అడిగాడు."

"అయితే ఓనరుకి చెప్పు. పై మూలన మూడు చుక్కలుంటాయి, నొక్కితే హిస్టరీ అని వస్తుంది. ఏది వద్దనుకుంటే అదొక్కటే తీసెయ్యొచ్చు. లేదంటే ఎంత మేర చెరపాలని అదే అడుగుతుంది, గంటా, రోజా, మొత్తం కాలమా అని."

"మొత్తం కాలం," అన్నాడు మాస్టరు వెంటనే.

"మీ ఓనరు బాగానే చూసినట్టున్నాడు," అంది కూతురు.

*

మంగళవారం పొద్దున్న సంచీలో మళ్ళీ దుప్పటి ఉంది. మాస్టరు దాన్ని మెషిన్లో వేసి కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ఎలాగూ మధ్యాహ్నం చెరిపేస్తాను కదా అన్న ధీమాతో, పాతదాన్నే మళ్ళీ ఒకసారి, ఆపైన ఇన్నాళ్ళూ అడగలేకపోయినవన్నీ కడుపునిండా అడిగేశాడు. నాలుగు ప్రశ్నలు. వచ్చిన జవాబులన్నీ చివరికి ఒకటే అన్నాయి: డాక్టరుకి చూపించుకోండి. ఆ మాట చెప్పడానికి కంప్యూటరెందుకని విసుక్కుంటూ లేచాడు.

పదింటి తర్వాత ఒక గౌను వచ్చింది. ముదురు నీలం, భుజాల నుంచి నడుం దాకా వేలకొద్దీ చిన్న పూసలు, కింది అంచున నూనె మరక. గుడ్డ వివరాలుండే పట్టీని ఎవరో గుచ్చుకుంటోందని కత్తిరించేశారు. తెచ్చినావిడ కంపెనీ పేరూ గౌను నంబరూ చెప్పి వెళ్ళింది. మరకలక్క గౌనుని వెలుతురు కింద పరిచి, ఒక్కో వరస పూసల మీదా గోరు ఆనించి చూసింది. మాస్టరు ఇస్త్రీ బల్ల గోడ వైపు తిరిగి ఉంటుంది. కాలితో పెడలు తొక్కడం, ఆవిరి బుస్సుమనడం, ముడత పోవడం, ఇంకో చొక్కా. వెనక ఎవరు ఎక్కడికి వెళ్ళారో అతనికి కనపడదు.

నూనె మరక మీద ఆవిడ పొడి చల్లుతుంటే మేనకోడలు వచ్చి నిలబడింది. "కింది అంచు మొత్తం తడిపేస్తే ఒకేసారి పోతుంది కదా పెద్దమ్మా?"

"మరక ఎంతుందో అంతే తాకాలి. ఊరంతా తడిపితే చుట్టూ గీత కడుతుంది. ఆ గీత తియ్యడానికి నా తాతలు దిగిరావాలి."

మధ్యాహ్నం అందరూ వెనక గదిలో భోజనానికి కూర్చున్నారు. కౌంటరు నేను చూస్తానని మాస్టరు ముందుకొచ్చాడు. మూడు చుక్కలు, హిస్టరీ. జాబితా తెరుచుకుంది. అన్నిటికంటే పైన ఏదో గౌను పేజీ, పక్కన పదీ యాభై అని టైము. దాని కింద కవర్లు, పదీ పది. దాని కింద తనవి నాలుగూ వరసగా, పొద్దున్న అడిగినవి అడిగినట్టే, ఎవరో పెద్దక్షరాలతో బోర్డు రాయించి పెట్టినట్టున్నాయి. ఇంకా కిందికి వెళితే నిన్నటివీ మొన్నటివీ. ఒక్కోటీ ఎంచి తీసెయ్యాలంటే ఒక్కోటీ మళ్ళీ చదవాలి. చదివే ధైర్యం లేదు. లోపల్నుంచి గిన్నెల చప్పుడు వినిపించింది. మొత్తం కాలం మీద నొక్కాడు.

తెర తెల్లగా అయిపోయింది. మాస్టరుకి ఒళ్ళంతా తేలికైంది. ఆ మధ్యాహ్నం అతను చేసినంత నున్నటి ఇస్త్రీ ఈమధ్య ఎప్పుడూ చెయ్యలేదు. చొక్కా కాలరు తిప్పుతూ ఏదో కూనిరాగం కూడా తీశాడు.

*

బుధవారం ఓనరు మామూలు కంటే గంట ముందే షాపుకి వచ్చేశాడు. మాస్టరు దుప్పటి అప్పటికి ఆరబెట్టే డ్రమ్ములో ఉంది. తియ్యడానికి వీలు చిక్కలేదు. ఓనరు అటూ ఇటూ తిరుగుతున్నంతసేపూ మాస్టరు చెవి వెనక గది మీదే ఉంది. మరకలక్క వచ్చింది, గౌనుని వలసంచీలో పెట్టి మందు మెషిన్లో వేసింది, తలుపు బిగించింది. ఇవేవీ అతను పట్టించుకోలేదు.

పదింటికి మెషిను ఆగింది. మరకలక్క తలుపు తీసి, వలసంచీ విప్పి, అలాగే నిలబడిపోయింది. అది చూసి మేనకోడలు వెళ్ళింది, తర్వాత ఓనరు వెళ్ళాడు. గౌను మీద పూసలు లేవు. పూసలుండాల్సిన చోటల్లా గోరంత జిగురు చుక్కలు, ఒకదానికొకటి అంటుకుపోయి, భుజాలు రెండూ ముద్దకట్టాయి.

"గాజు పూసలు కావివి. ప్లాస్టిక్కు. మందుకి కరిగిపోయాయి," అంది మరకలక్క నెమ్మదిగా.

"ఆ సంగతి వెయ్యకముందు తెలియాలి కదా?" ఓనరు గొంతు లేచింది. "కంపెనీ పేజీ చూశావా?"

"చూశాను. గాజు పూసలు, డ్రై క్లీన్ చెయ్యొచ్చు అనే ఉంది. నిన్న పదకొండు లోపల చూశాను."

షాపులో దానికో కట్టుబాటుంది. పట్టీ లేని బట్ట వస్తే కంపెనీ పేజీ చూసి గాని వెయ్యకూడదు. చూసి వేస్తే తప్పు కంపెనీది, జవాబు వాళ్ళు చెప్పుకుంటారు. చూడకుండా వేస్తే తప్పు వేసిన మనిషిది, ఆ మనిషి మర్నాటి నుంచి రానక్కర్లేదు. ఓనరు కంప్యూటరు దగ్గరికి వెళ్ళి గౌను నంబరు కొట్టాడు. ఈ వస్తువు ఇప్పుడు అమ్మకంలో లేదు అని వచ్చింది. పేజీ లేదు.

"హిస్టరీలో ఉంటుంది మామయ్యా. పెద్దమ్మ చూసుంటే పేరూ టైమూ ఉంటాయి," అని మేనకోడలు ముందుకి వంగి నొక్కింది. తర్వాత మొహం చిట్లించింది. "ఏమీ లేవేంటి? నిన్నటివీ లేవు, మొన్నటివీ లేవు. ఎవరో మొత్తం చెరిపేశారు."

మాస్టరు కాలు పెడలు మీద ఉండిపోయింది. ఆవిరి ఆగకుండా వచ్చి అతని మొహాన్ని కప్పేసింది. ఆ గౌను పేజీ తెర మీద ఎక్కడుందో, పక్కన టైము ఎంతుందో అతని కళ్ళకి కట్టినట్టుంది.

"ఎవరు చెరిపారు?" అన్నాడు ఓనరు.

"నేను కాదు," అంది మేనకోడలు.

"మాస్టరూ?"

"నాకా మెషినుతో పనేంటి?" అన్నాడు మాస్టరు. అంత తడుముకోకుండా వచ్చింది మాట. ఆ మాట తన నోటిదే అంటే తనే నమ్మలేకపోయాడు.

మరకలక్క అతని వైపు చూసింది. ఒక్క క్షణమే. మళ్ళీ గౌను వైపు తిరిగింది.

"ఇంకేం మిగిలింది? చూడని మనిషికే చెరపాల్సిన అవసరం ఉంటుంది," అన్నాడు ఓనరు.

"నేను చూశాను. చెరపలేదు."

"మరెవరు చెరిపారు? దెయ్యాలా?"

ఆవిడ గౌనుని మళ్ళీ వలసంచీలో పెట్టింది. "నాకు తెలీదు."

"రెండు నెలల్నుంచి అరగంట లేటుగా వస్తున్నావు. పెద్దదానివని ఊరుకున్నాను. పని మీద శ్రద్ధ పోయింది, ఇప్పుడు అబద్ధం కూడానా? రేపట్నుంచి రావద్దు."

మరకలక్క వాదించలేదు. ఏప్రను విప్పి నాలుగు మడతలు పెట్టింది. వెనక గదిలోకి వెళ్ళి తన సంచీ తెచ్చుకుంది. ఇప్పుడు చెప్పాలి, ఇప్పుడు, అనుకుంటూ మాస్టరు చొక్కా మీద చొక్కా పరుస్తూనే ఉన్నాడు. ఆవిడ బల్ల దాటింది, చెప్పాలి అనుకున్నాడు. కౌంటరు దాటింది, చెప్పాలి అనుకున్నాడు. నోరు తెరిస్తే ఎందుకు చెరిపావన్న ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్న వెనక మేనకోడలి నవ్వుంది. వీధి తలుపు మూసుకున్న చప్పుడయ్యాక చూసుకుంటే, ఒకే చొక్కాని మూడోసారి ఇస్త్రీ చేస్తున్నాడు.

సందు చూసుకుని వెనక గదిలోకి పరుగెత్తాడు. ఆరబెట్టే డ్రమ్ము ఖాళీగా ఉంది. దుప్పటి లేదు.

*

గురువారం మరకల బల్ల కూడా చూసుకోమని ఓనరు మాస్టరుకే చెప్పాడు. "ఇన్నేళ్ళు పక్కన నిలబడి చూశావు, ఆ మాత్రం రాదా?"

రాలేదు. కాలరు మీద ఇంకు చుక్కకి ఏదో సీసాలోది పోశాడు. చుక్క రూపాయంతైంది. ఇంకో సీసాలోది పోశాడు. దాని చుట్టూ పచ్చగా గీత కట్టింది. రుద్దినకొద్దీ గుడ్డ పలచనైంది గానీ ఇంకు కదల్లేదు. పొద్దున్నుంచీ ముగ్గురు కస్టమర్లు వచ్చి 'ఆవిడ లేరా?' అని అడిగారు. ఆవిడ చేతిలో పెడితే తప్ప బట్ట ఇవ్వనని ఒకాయన కోటు వెనక్కి పట్టుకుపోయాడు.

"పాపం, ఎదురు మాట కూడా అనలేదు బాబాయ్. నిజంగా చూడలేదంటారా?" అంది మేనకోడలు. మాస్టరు ఇంకో సీసా మూత తీశాడు. దుప్పటి ఓనరుకి దొరికిందా, ఈవిడకి దొరికిందా అన్న భయం ఒక పక్క తొలుస్తోంది. ఇంకో మనిషి బతుకు పోతుంటే తను దుప్పటి గురించి ఆలోచిస్తున్నాడని తెలిసి అతనికి తన మీద రోత పుట్టింది. అయినా ఆలోచన మానలేదు.

మధ్యాహ్నం ఓనరు బయటికెళ్ళిన వేళ మరకలక్క వచ్చింది. బ్రష్షులూ, మరక గీకే ఎముక గరిటా ఆవిడ సొంతం, వాటిని తీసుకెళ్ళడానికి. మాస్టరు ఏదో సాయం చేసేవాడిలా వెంట వెళ్ళాడు. వెనక గదిలో బ్రష్షుల్ని ఒక్కొక్కటీ గుడ్డతో తుడిచి సంచీలో పెట్టుకుంది. చివర్న సంచీ అడుగు నుంచి దుప్పటి తీసి అతని చేతిలో పెట్టింది. శుభ్రంగా ఉతికి, అంచులు కలిపి మడత పెట్టి ఉంది.

"నిన్న ఓనరు ఇటు వస్తుంటే తీసి సంచీలో వేసుకున్నా," అంది. "వేడి నీళ్ళల్లో వెయ్యకు. వేడికి వాసన దారంలోకి ఇంకిపోతుంది. రెండు నెలల్నుంచి నువ్వు ఉడకబెడుతూనే ఉన్నావు. ముందు చన్నీళ్ళు, అందులో కాస్త వెనిగరు. తర్వాతే సబ్బు."

మాస్టరుకి తల తీసేసినట్టయింది. "నీకు... ఎప్పట్నుంచి తెలుసు?"

"మరకలు చూసే మనిషిని తమ్ముడూ. మొదటివారమే తెలిసింది. నేను తొందరగా వస్తే నువ్వు కంగారుపడుతున్నావని అరగంట ఆగి రావడం మొదలుపెట్టా."

మోకాళ్ళ నొప్పి అని ఆవిడ చెప్పిన ప్రతిసారీ తను ఆడిన వేళాకోళాలన్నీ మాస్టరుకి ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఓనరు ఆవిడ నెత్తిన రుద్దిన రెండు తప్పుల్లో ఒకటి చెరపడం, రెండోది ఆలస్యం. రెండూ తనవే.

"చెరిపింది కూడా..."

"నువ్వే. మొన్న మేనకోడలు నవ్వినప్పుడు నీ మొహం చూశాను. భోజనం మానేసి కౌంటరు చూస్తానన్నావు. తెలియడానికేముంది?"

"మరి నిన్న చెప్పలేదేం అక్కా?"

"చెబితే ఎందుకు చెరిపాడని అడుగుతారు. దానికి జవాబు నీది. నేనెలా చెబుతాను?" ఆవిడ సంచీ మూతి ముడి వేసింది. గొంతు మాత్రం మునుపటిలా లేదు. "నువ్వు చెబుతావనుకున్నా. ఆ మెషినుతో నాకేం పని అన్నావు చూడూ, అప్పుడు మాత్రం మనసు విరిగింది."

ఆవిడ వెళ్ళిపోయింది. దుప్పటి పట్టుకుని నిలబడ్డ మాస్టరుకి మొట్టమొదట కలిగింది సిగ్గు కాదు. అమ్మయ్య, ఈవిడ ఎవరికీ చెప్పదు, అన్న ఊరట. తర్వాత, ఆ ఊరట కలిగినందుకు కలిగిన సిగ్గు ముందు ఈ రెండు నెలల సిగ్గూ ఏపాటిది కాదనిపించింది. దుప్పటిని సంచీలో పెట్టి మళ్ళీ ఇస్త్రీ బల్ల దగ్గరికి వెళ్ళాడు.

*

శుక్రవారం పదకొండింటికి గౌను ఆవిడ వచ్చింది. ఓనరు ఆవిణ్ణి కూర్చోబెట్టి, ముద్దకట్టిన గౌను బల్ల మీద పెట్టి, చేతులు నలుపుకుంటూ చెప్పాడు. "తప్పు చేసిన మనిషిని తీసేశామండీ. పేజీ చూడకుండా వేసింది. పైగా దొరికిపోతానని కంప్యూటర్లో ఉన్నదంతా చెరిపేసింది."

మాస్టరు పెడలు మీంచి కాలు తీశాడు. ఆవిరి ఆగింది. ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి కౌంటరు దగ్గరికి నడిచాడు.

"ఆవిడ చూసింది," అన్నాడు.

ఓనరు తిరిగి చూశాడు. "నువ్వు మధ్యలో ఏంటి?"

"ఆవిడ పేజీ చూసింది. చెరిపింది నేను."

"నువ్వా? మెషినుతో నాకేం పని అన్నావు కదా?"

"అబద్ధం చెప్పాను."

ఓనరు అతని మోచెయ్యి పట్టుకుని కోట్ల కమ్మీ వెనక్కి లాక్కెళ్ళాడు. గొంతు తగ్గించాడు. "ఏం చూశావు? బూతు బొమ్మలా? చెప్పవయ్యా, మగాళ్ళమే కదా." మాస్టరుకి తల ఊపేద్దామా అనిపించింది. ఎంత సులువైన దారి! ఓనరు వీపు మీద ఒకటి చరుస్తాడు, నవ్వుతాడు, నాల్రోజుల్లో అందరూ మర్చిపోతారు. ఊపడానికి మెడ కదిపాడు కూడా. అంతలో ఓనరే మళ్ళీ అన్నాడు. "అయినా నేను నమ్మను. ఇన్నేళ్ళుగా పక్కపక్కన పని చేస్తున్నారు, ఆవిణ్ణి కాపాడదామని నువ్వే కథ అల్లుకొచ్చావు. ఆవిడ చూసిందని నీకెలా తెలుసు?"

"చెరిపే ముందు నా కళ్ళతో చూశాను."

"ఏం చూశావు? వరసగా చెప్పు."

మాస్టరు కోట్ల వెనక నుంచి ఇవతలికి వచ్చాడు. ఓనరు ఒక్కడికే చెబితే రేపు మాట మారిపోవచ్చు. మేనకోడలు విని తీరాలి, సరిపోల్చుకోగలిగింది ఆవిడే.

"అన్నిటికంటే పైన ఈ గౌను పేజీ. టైము పదీ యాభై. దాని కింద కవర్లు, పదీ పది."

"కవర్లు నేనే ఆర్డరు పెట్టాను మామయ్యా," అంది మేనకోడలు. "పదింటికే. ఎవరికీ చెప్పలేదు కూడా. ఇస్త్రీ బల్ల దగ్గర్నుంచి బాబాయికి కనపడే అవకాశం లేదు."

"దాని కింద?"

"దాని కింద నావి నాలుగు."

"ఏంటవి?"

గౌను ఆవిడ కూడా చూస్తోంది. మాస్టరు బల్ల మీది జిగురు చుక్కల వైపు చూస్తూ, బళ్ళో పాఠం అప్పజెబుతున్నవాడిలా ఒక్కోటీ చెప్పాడు. "పెద్దవాళ్ళు నిద్రలో పక్క తడపడం ఎందుకు. యాభై ఏళ్ళ తర్వాత వస్తే తగ్గుతుందా. దుప్పటికి పట్టిన మూత్రం వాసన ఎలా పోతుంది." నాలుగోది గొంతు తగ్గించి చెప్పాడు. "భార్యకి తెలియకుండా ఏ డాక్టరుకి చూపించుకోవాలి."

మేనకోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వాపుకోవడానికేమో అనుకుని మాస్టరు చూశాడు. ఆవిడ కళ్ళు దించేసుకుని ఉంది. మొహం ఎర్రబడిపోయింది.

ఓనరు రసీదు పుస్తకం తీసి ఇటు పెట్టాడు, మళ్ళీ అటు పెట్టాడు. "ఇంతోటి దానికి... బుధవారమే నాకొక్కడికి చెవిలో చెప్పుంటే సరిపోయేది కదయ్యా!"

నిజమే. రెండు రోజుల క్రితం ఒక్క చెవిలో చెబితే పోయేది. ఇప్పుడు ముగ్గురి ముందు, ఒక మనిషిని వీధిలో పెట్టించాక చెప్పాడు. ఓనరు మాటలో తప్పేమీ లేదు కాబట్టే మాస్టరుకి అది గట్టిగా తగిలింది.

"అయితే మీరు ఆ కంపెనీకి రాస్తారా?" అంది గౌను ఆవిడ చివరికి. మాస్టరు వైపు చూడకుండా ఉండటానికి ఆవిడ కష్టపడుతోందని తెలుస్తూనే ఉంది.

"ఈరోజే రాస్తామండీ. మావాళ్ళు చూసే వేశారు," అన్నాడు ఓనరు. మేనకోడలికి సైగ చేశాడు. ఆవిడ కౌంటరు ఫోన్లోంచి మరకలక్క నంబరు కలిపి అతనికిచ్చింది. ఓనరు రెండు మాటలు చెప్పాడు, పొరపాటైందన్నాడు, రమ్మన్నాడు. అవతల ఏం అడిగిందో, తెల్లబోయి ఫోను మాస్టరు వైపు చాపాడు. "ఎవరు చెప్పారని అడుగుతోంది. నువ్వే చెప్పు."

మాస్టరు గోడ వైపు తిరిగి ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు. "నేనే అక్కా."

"ఎందుకు చెరిపావో కూడా చెప్పావా?"

"చెప్పాను."

"ఓనరుకి విడిగానా?"

"కాదు. కౌంటరు దగ్గరే. కస్టమరు కూడా ఉన్నారు."

"ఓరి పిచ్చి సన్నాసీ," అంది మరకలక్క. ఆ మాటలో కోపం ఎంతో జాలి ఎంతో మాస్టరుకి అంతు పట్టలేదు.

"నన్ను క్షమించక్కా."

"సోమవారం పనిలోకి వస్తాను. క్షమించడం సంగతి అప్పుడు చూద్దాం, ఇవాళ నాకు ఓపిక లేదు. ఈలోగా నువ్వు డాక్టరు దగ్గరికి వెళ్ళు. నీ పెళ్ళాన్ని వెంటబెట్టుకుని వెళ్ళు. ఊరందరికీ తెలిసి ఆవిడొక్కదానికీ తెలియకపోతే ఆవిడకెంత చిన్నతనం?"

"అలాగే."

"అలాగే కాదు. ఎప్పుడు?"

"రేపు పొద్దున్న," అన్నాడు మాస్టరు. వెనక ముగ్గురూ వింటున్నారని తెలిసే అన్నాడు.

ఆవిడ పెట్టేసింది. మాస్టరు ఫోనుని చెవికి అలాగే ఆనించుకుని ఇంకా కాసేపు నిలబడ్డాడు. దించితే వెనక్కి తిరిగి వాళ్ళ మొహాలు చూడాలి. తర్వాత దించాడు.